ఓబులమ్మ వాక్యం

మొన్న బస్సు మైదుకూరు దగ్గరికి వచ్చేసరికి పసుపు ఉడకబెట్టే వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. కర్నూలులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికే నాకు ఈ వాసన తగిలితే ముందు గుర్తొచ్చేది పుట్టిన ఊరు కాదు, ఓబులమ్మ. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే ఆ పిల్ల పరికిణీ నిండా ఇదే వాసన. ఆమె వెనకాలే మాబు సార్ గుర్తొస్తారు. సార్‌ను ఆమె లేకుండా, ఒక్క నా సార్‌గా తలుచుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఇంతవరకు కుదరలేదు.

మాబు సార్ మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. బడికి ముందు తన ఇంటి వాకిట్లో చాపలు పరిచి, గోడకు నల్లబల్ల ఆనించి, వచ్చిన పిల్లలకు ఊరికే మాటలు నేర్పేవారు. రోజుకొక మాట ఇస్తారు. మరునాటికి దానితో ఒక వాక్యం తేవాలి. నిఘంటువులోది పనికిరాదు, ఇంట్లోనో వీధిలోనో కళ్లారా చూసిన సంగతై ఉండాలి. తేనివాళ్లు బావిలో నీళ్లు తోడి మొక్కలకు పోయాలి. మాది బజారులో కిరాణా అంగడి. మా నాన్న కడప నుంచి నాకోసం ఇటుకంత నిఘంటువు తెప్పించాడు. స్పష్టంగా ఉండేదాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా అనవచ్చో నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని: క్లియర్, ప్లెయిన్, ఆబ్వియస్, ట్రాన్స్‌పరెంట్, లూసిడ్. సార్ నవ్వి, "అందరూ ఒకే ఇంటి కోడండ్లేమ్మా. అట్లని ఒకరి పని ఇంకొకరికి చెప్తే ఇల్లు నడుస్తాదా?" అన్నారు. సోడా సీసా గాజు ట్రాన్స్‌పరెంట్. వంకాయకు బొక్క కనిపిస్తుంటే లోపల పురుగుందన్నది ఆబ్వియస్. చిక్కుల్లేకుండా చెప్పిన పాఠం లూసిడ్. మతి తప్పిన మనిషికి కాసేపు తెలివి తేటపడితే, ఆ కాసేపూ ఆ మనిషి లూసిడే.

నా వాక్యాలు విని సార్ బాగుందనేవారు. ఓబులమ్మ వాక్యం వింటే మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఆమె తండ్రి పసుపు రైతు. మూడు మైళ్లు నడిచి వచ్చేది, ఇంట్లో నిఘంటువు కాదు కదా, అచ్చు కాగితమే ఉండేది కాదు. ఆమె ఇంగ్లీషులో సగం తప్పులే. అయినా సార్ ఆ తప్పులు దిద్ది, ఆ వాక్యాన్నే నల్లబల్ల మీద రాసేవారు. నాకు కడుపు మండిపోయేది. ఆ పిల్లకు ఒక్కరోజైనా జ్వరం వస్తే బాగుండునని మొక్కుకున్న రోజులున్నాయి.

లూసిడ్ అనే మాటకు వాక్యం తెమ్మన్న రోజే, కడపలో జరిగే ఉపన్యాస పోటీకి ఒక్కరినే పంపుతానని, ఎవరన్నది రేపు చెప్తానని సార్ అన్నారు. మరునాడు గుమ్మం దగ్గరే ఓబులమ్మ నన్ను ఆపి తన వాక్యం వినిపించింది. ముందటేడు జ్వరం వచ్చినప్పటి నుంచి వాళ్ల జేజికి, అంటే నాన్నమ్మకు, కన్నకొడుకు కూడా గుర్తులేడట. పాలు పితికే వేళకు మాత్రం తెలివిలోకి వచ్చి, ఎనుముల్ని పేరుపేరునా పిలుస్తుందట. తప్పులుంటే దిద్దమంది. దిద్దాను. లోపల సార్ మొదట నన్నే లేపారు. జేజిని తీసి మా అవ్వను పెట్టాను. పాలు పితికే వేళను అంగడి తెరిచే వేళ చేశాను, ఎనుముల్ని గిరాకీలు చేశాను. సార్ కళ్లద్దాలు తీశారు. నా వాక్యానికి తీయడం అదే మొదటిసారి. దాన్నే నల్లబల్ల మీద రాశారు.

ఓబులమ్మ వంతు వచ్చింది. "ఈ దినం వాక్యం తేలేదు సార్" అని లేచి బావి దగ్గరికి పోయింది.

సాయంత్రం బడిలో సార్ కడపకు ఓబులమ్మ పేరే చదివారు. వాక్యం నాది, పోటీ దానికా అని రాత్రంతా ఏడ్చాను. ఆ వాక్యం నాది కాదన్న సంగతి అప్పటికే మరిచిపోయాను.

ఆ తర్వాత నేను కర్నూలులో లెక్చరర్‌నయ్యాను, ఓబులమ్మ కడపలో లాయరైంది. సార్‌కు మూడేళ్ల కిందట మతి తప్పడం మొదలైంది. నెలకు రెండు ఆదివారాలు పోయి చూసేదాన్ని. ప్రేమ లేదనను. ఓబులమ్మ కంటే ఎక్కువసార్లు పోవాలన్న పంతమూ ఉండేది.

పోయిన వానాకాలం ఒక ఆదివారం నేను గ్లాసుతో నీళ్లిస్తుంటే సార్ నా ముఖం వైపు చూసి, "వాసవీ, ఎప్పుడొస్తివమ్మా?" అన్నారు. ఆయన నెమ్మదిగా మా అంగడిని, నాన్నను, అవ్వను గుర్తు చేసుకున్నారు. మా అవ్వకు కడదాకా మతి పోలేదనీ, గిరాకీల తాతల పేర్లు కూడా చెప్పేదనీ అన్నారు. ఆ వాక్యం మా అవ్వది కాదని ఆయనకు ఆనాడే తెలుసని నాకు అర్థమైంది.

"తెలిసే బోర్డు మీద రాశారా సార్?"

"వాక్యం బాగుండె గదమ్మా. దాందేం తప్పు?"

ఆ గొంతులో కోపం లేదు. ఒక గుక్క నీళ్లు తాగి, "ఓబులమ్మను ఒకసారి పిలుస్తావా? ఆ పాపతో మాట్లాడల్ల" అన్నారు.

ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చాను. ఆమె నంబరు తెరిచి నిలబడ్డాను. ఇన్నేళ్లకు దొరికిన ఆ నాలుగు నిమిషాల్లో కూడా ఆమె కావాలా అనిపించింది. నొక్కలేదు. లోపలికి వెళ్లి, ఎత్తడం లేదని చెప్పాను.

"పనిలో ఉంటాదిలే, పాపం" అన్నారు సార్. గ్లాసు ఖాళీ అయ్యేలోపే, నువ్వెవరి పాపవని నన్నే అడిగారు. ఆయనకు మళ్లీ తెలివి రాలేదు.

నెల తిరక్కుండానే పోయారు. ఆ ఇంట్లో ఆడవాళ్ల మధ్య ఓబులమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. తనకు తీరికే దొరకలేదనీ, నేనైనా వస్తూ పోతూ ఉన్నాననీ, అది నా పుణ్యమనీ అంది. సార్ నిన్ను గుర్తుపట్టినాడా అని నన్ను అడిగింది. ఒకసారి పట్టారన్నాను. ఆ మాటలో గర్వం నాకే వినిపించింది.

"నన్నేమన్నా అడిగినాడా?"

"లేదు" అన్నాను.

ఓబులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నా చేయి పట్టుకుంది. "పోనీలే. మనిద్దర్లో ఒకర్నన్నా చూసుకున్న్యాడు" అంది.

మనిద్దరం అని నేను ఒక్కనాడూ అనుకోలేదు. ఆ మాట ఇప్పుడు నన్ను వదలడం లేదు. నిజం మాత్రం ఆమెకు ఇంకా చెప్పలేదు.