కడుపు మాట విన్న డాక్టరమ్మ

పోయిన ఆదివారం పొద్దున పాలు పోసే అతను గేటు దగ్గరే చెప్పాడు, మా పటాన్‌చెరు పిల్లల డాక్టరమ్మ చనిపోయారని. "పోయేటోళ్ల లైన్ల ముందున్నది నేను గదరా! ఆమెకేం తొందర?" అని అతని మీదే గయ్యిమన్నాను.

ఎవరినీ ఆటపట్టించకుండా ఉండలేను నేను. ఆమెనూ వదల్లేదు. మొదటిసారి నా మనవణ్ణి చూపించినప్పుడు వాడికి ఆరేళ్లు. మాటలు రావు. తిన్న కాసేపటికి తల గోడకేసి కొట్టుకునేవాడు. హైదరాబాదులో ఆటిజం అన్నారు. మా ముసలామె గాలి సోకిందంది. హత్నూర దిక్కు ఒకతను కాల్చిన కడ్డీతో పొట్ట మీద చురకలు పెడతాడని, శుక్రవారం పోదామని పట్టుబట్టింది.

డాక్టరమ్మ నేల మీద వాడి పక్కనే కూర్చుని, పొట్ట మెల్లగా నొక్కి చూశారు.

"తల కొట్టుకుంటుంటె కడుపు పిసుకుతున్నవేంది డాక్టరమ్మా? అడ్రసు తప్పినవా?"

"లోపల రాయి లెక్క గట్టివడ్డది తాతా. దొడ్డికి ఎప్పుడు పోయిండు? నొస్తున్నదని ఎట్ల చెప్తడు మరి? నీ లెక్క నోరున్నదా వానికి?"

నా నోరు మూయించినవాళ్లు తక్కువ. మందు పడ్డాక, కడుపు కుదుటపడ్డాక, తల కొట్టుకోవడం తగ్గింది. చురకల మాట మా ముసలామె మళ్లీ ఎత్తలేదు.

ఇలాంటి పిల్లల్లో కొందరి రక్తంలో సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువగా ఉంటుందని, ఒంట్లో అది చాలావరకు పేగుల్లోనే తయారవుతుందని ఆమే ఒకసారి చెప్పారు. ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, నాకు ఆ పేరే నోరు తిరగలేదు. ఆశ మాత్రం లేచి కూర్చుంది.

"ఇంకేంది! పేగులు మంచిగ చేసినవు. ఇగ రక్తం మంచిగైతది, మాటలొస్తయి!"

ఆమె నవ్వలేదు. "ఆ రెండిటికి లింకేందో పెద్దపెద్దోళ్లే ఇంకా దేవులాడుతున్నరు తాతా. నాకు తెల్వదు. తెల్వనిదానికి ఆశ వెట్ట. నొప్పి తగ్గుడు గూడ చిన్న ముచ్చట గాదు."

అప్పుడు కోపమొచ్చింది. ఇంకొకరైతే పాశమైలారంలో తయారయ్యే మందులన్నీ నాతో కొనిపించేవారని తర్వాత అర్థమైంది.

మాటలు రాలేదు. కానీ నొప్పి వస్తే ఎవరిదో ఒకరి చెయ్యి లాక్కొని పొట్ట మీద పెట్టుకోవడం ఆమే ఓపిగ్గా నేర్పారు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి.

కబురు విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. కంచం ముందు ఊరికే కూర్చున్నాను. పక్కన తింటున్న వాడు లేచి వచ్చాడు. నా ముఖం చూడలేదు, వాడు ఎవరి ముఖమూ చూడడు. నా అంగీ పైకెత్తి, పప్పు మెతుకులంటిన అరచేతిని నా పొట్ట మీద పెట్టి, అట్లాగే ఉంచాడు.