బల్ల మీద మిగిలిన నా బిళ్ళ

ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు. మా ఆటలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ చదివారు. ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు.

మేము ఆటలు తయారుచేస్తాం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ మాటలతో కథ నడిపే ఆటలు. నాది భూపాలపల్లి. నాతో కలిసి రాసినాయన్ని అన్నా అని పిలుస్తాను. ఆయనది తొర్రూరు, వాళ్ళది హోల్‌సేల్ దుకాణం. ఆ దుకాణం పైగదిలో కూర్చునే బొగ్గుబాయి ఆట, అంటే బొగ్గుగనిలో నడిచే ఆట, రాశాం.

మొదట అందులో పాచిక తప్పితే మనిషి చచ్చిపోయేవాడు. నాకు నచ్చలేదు. మా బాపు, అంటే మా నాన్న, గని కార్మికుడు. బాయిలోకి దిగేముందు నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాడు. పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తెచ్చుకునేవాడు. బిళ్ళ అక్కడే ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. దాన్నే ఆటలో పెట్టాను. అందరూ బల్ల మీద బిళ్ళలు పెట్టాలి, తమ పాత్ర పైకొచ్చాకే తిరిగి తీసుకోవాలి. ఒక్క బిళ్ళ మిగిలినా, ఆ మనిషిని పైకి తెచ్చేదాకా ఎవరూ లేవకూడదు.

"గిదేంది తమ్మీ, జనం ఇండ్లకు పోరా?" అని అన్న ఆ రోజు నవ్వాడు.

ఆట అచ్చయింది. మహబూబాబాద్‌లో కాలేజీ పిల్లలు కూడా ఆడుతున్నారు. మొన్న జనగామ ఫంక్షన్ హాల్లో సభ పెట్టి అన్నకు శాలువా కప్పారు.

"బిళ్ళ ముచ్చట ఎట్ల తట్టిందన్నా?" అని ఎవరో అడిగారు.

"ఏమో, బస్సుల కూసున్న. గట్లనే తట్టింది."

నేను రెండో వరుసలో ఉన్నాను. అందరితోపాటు చప్పట్లు కొట్టాను. కొట్టక ఏం చేయను? కుళ్ళు అంటే అనండి, ఆ శాలువా మీద నాకు కన్నుంది.

తర్వాత అదే ఆట ఆడించారు. పైకప్పు కూలి నా పాత్ర లోపల చిక్కుకుంది. అంతలో భోజనాలకు పిలిచారు. అందరూ ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని లేచారు. అందరికంటే ముందు అన్నే లేచాడు.

"అన్నా, నా బిళ్ళ ఇంకా ఈడనే ఉంది."

"ఆటనే కద తమ్మీ! జర లే, బిర్యాని సల్లారుతది. నువ్వు సచ్చినవనుకుంటం తియ్."

నేను లేవలేదు. కుర్చీలు సర్దేవాళ్ళు వచ్చి లేపేదాకా అక్కడే కూర్చున్నాను. ఎవరూ వెనక్కి రాలేదు. బిళ్ళను నేను ముట్టుకోలేదు, అది అన్న ఆట పెట్టెలోకే పోయి ఉంటుంది.

అన్నా, ఆ నియమం ఎవరిదో నలుగురిలో చెప్పు. నీకే బస్సులో తట్టి ఉంటే, నేనది చెప్పిన రోజు నన్ను చూసి ఎందుకు నవ్వావో అదైనా చెప్పు. నా బిళ్ళ నీ దగ్గరే ఉంది, నేనింకా లోపలే ఉన్నాను. జవాబియ్యి.