కాంగోలో ఆరుబయట మంచం

విమానం తలుపు తీయగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. కాంగో. పొద్దున పది గంటలు. ఆకాశం నిండా మబ్బు, ఎండ జాడ లేదు, అయినా చొక్కా నిమిషంలో తడిసిపోయింది. మాది భైంసా దగ్గర పత్తిచేల ఊరు. మా దగ్గర చెమట పడితే ఇట్టే ఆరిపోతుంది. అక్కడ ఆరదు, రాత్రికి కూడా ఆరదు.

అరవైల మొదట్లో సంగతి. శాంతి కాపాడటానికి వెళ్లిన మన దళంలో నేను రేడియో ఆపరేటర్ని. అడవి మధ్య ఒక మట్టి రన్‌వేకు మమ్మల్ని కాపలా పెట్టారు. గుడారాలు, ఇసుక బస్తాల బంకరు, అందులో నా సెట్టు.

వేడి దేశాలకు ఉద్యోగాల మీద పోయేవాళ్లు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు, ఏం సర్దుకోవాలని. అందరికీ పల్చటి బట్టల మీదే ధ్యాస. పల్చటివే తీసుకోండి, కానీ నిండు చేతులుండాలి. మలేరియా మాత్రలు ఇక్కడుండగానే మొదలుపెట్టండి, తిరిగొచ్చాక కూడా కొన్ని వారాలు మింగండి. నీళ్లు మరిగించి తాగండి. ఆరేసిన బనీను ఇస్త్రీ చెయ్యకుండా తొడుక్కోకండి. అక్కడొక ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలోకి దూరుతుంది. మా సుబేదారు వీపంతా పుండ్లు లేచి వారం పాటు బోర్లా పడుకునే ఆర్డర్లు వేశాడు.

అన్నిటికంటే ముఖ్యం దోమతెర. అంచులు పరుపు కిందికి దోపి, దాని లోపలే పడుకోవాలి. ఇదేం పెద్ద విషయమా అనుకుంటారు. మల్లయ్య కూడా అట్లాగే అనుకున్నాడు.

మల్లయ్య మా లంగరు వంటవాడు. పటాలంలో వంటింటిని లంగరంటారు. వాడిది జగిత్యాల పక్క పల్లె. మా దళంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మాత్ర రోజూ సుబేదారు ఎదుటే మింగాలి కాబట్టి మింగేవాడు. తెర దగ్గరే పేచీ. ఎండాకాలం మన ఊళ్లలో ఇంట్లో పడుకునేదెవరు? వాకిట్లో నీళ్లు చల్లి మంచం వేసుకుంటాం. అక్కడా అదే పని. అందరూ పడుకున్నాక మంచం గుడారం బయటికి లాక్కునేవాడు.

"తెరల ఉడుకపోస్తదన్నా, గాలి సొరదు. బయట పండుకుంటెనే పానం నిమ్మలమైతది."

"గిది మన వాకిలి కాదు మల్లయ్యా. దోమలు తినిపారేస్తయి, లోపలికి రా."

"ఉట్నూరు అడవిల మూడేండ్లు కట్టె కొట్టిన. జరమొచ్చింది, పోయింది. గా దోమలకే భయపడలే, గీటికి భయపడ్తనా? ఫికర్ జెయ్యకు."

సుబేదారు తిట్టాడు. శిక్షగా పరుగెత్తించాడు కూడా. రెండు రోజులు లోపల పడుకుని మళ్లీ బయటికే. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు ఆర్డరుతో పోతుందా?

వానలు మొదలయ్యాక జ్వరం పట్టుకుంది. మొదటి రోజు చలి. రెండో రోజు పొద్దున నన్ను గుర్తుపట్టాడు, మధ్యాహ్నానికి వాళ్ల నాన్ననుకుని "బాపూ" అని పిలిచాడు. నర్సింగ్ జవాను క్వినైన్ సూది వేసి నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"మాత్ర ఒక్కటే అన్నిసార్లూ ఆపదు. జ్వరం తలకెక్కింది. నా దగ్గర ఇంకేం లేదు, విమానం పిలువు."

సెట్టు ముందు కూర్చుని పెద్ద స్థావరాన్ని పిలిచాను.

"ఒక రోగి. మలేరియా. స్పృహ తప్పుతోంది. విమానం కావాలి. ఓవర్."

"విమానం సిద్ధం. మీ దగ్గర వాతావరణం? ఓవర్."

"వాన. మబ్బు చెట్లను తాకుతోంది. ఓవర్."

"ఆగండి. ఓవర్."

ఆగాం. గంటగంటకూ అదే అడిగాను, అదే జవాబు. వాళ్ల తప్పేం లేదు. నా గొంతులో ఏడుపు వాళ్లకు వినిపిస్తుందేమోనని మాటలు తగ్గించాను. మనిషి మీదికొస్తే తుపాకీ ఉంది. వానను ఏం చెయ్యాలి?

మరునాడు మూడు గంటలకు కాస్త తెరిపిచ్చింది. విమానం బయల్దేరిందని కబురొచ్చింది. మల్లయ్యకు చెప్పాను. ఎట్లా అర్థమైందో ఏమో, లేచి కూర్చోబోయాడు.

"బూట్లు తొడుగన్నా. ఉత్తకాళ్లతోని ఇమానం ఎట్లెక్కుత?"

తొడిగి తాళ్లు బిగించి కట్టాను. సెట్టు వీపున వేసుకున్నాను. వాణ్ణి స్ట్రెచర్ మీద రన్‌వే అంచుకు తెచ్చాం. మళ్లీ చినుకులు. విమానం చప్పుడు సరిగ్గా మా నెత్తి మీద వినిపించింది.

"రన్‌వే కనబడటం లేదు. పొగ వెయ్యండి. ఓవర్."

వేశాం. ఆ తడిగాలికి పొగ పైకి లేవలేదు, నేల మీదే పరుచుకుంది. పైలట్ మళ్లీ మళ్లీ చుట్టు తిరిగాడు.

"కనబడటం లేదు. పెట్రోలు చాలదు. క్షమించండి. ఓవర్."

"అర్థమైంది," అన్నాను.

"అచ్చిందా అన్నా?" అన్నాడు మల్లయ్య, కళ్లు మూసుకునే.

"అచ్చింది. దిగుతది."

చప్పుడు తూర్పుకు పోయి సన్నగిల్లింది. చీకటి పడకముందే మల్లయ్య పోయాడు.

దేశానికి తిరిగొచ్చాక జగిత్యాలలో బస్సు దిగి వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"గాడ గంత ఎండనా బిడ్డా?"

"ఎండ గాదవ్వా, వాన."

"వానకు సచ్చుడేంది?" అన్నది.

ఇన్నేళ్లలో ఎన్నో మరిచిపోయాను. ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. మల్లయ్యను ఆ రన్‌వే పక్కనే మట్టిలో పెట్టేముందు బూట్లు విప్పమన్నారు. తాళ్లు వానకు ఉబ్బి ముడి బిగుసుకుపోయింది. నేను కట్టిన ముడే. గోళ్లతో లాగాను, పళ్లతో లాగాను, రాలేదు. చివరికి సుబేదారు నా భుజం పట్టుకుని లేపి, "ఉండనీ, బూట్లతోనే పోనీ," అన్నాడు.