మేకతో చెప్పిన మాటలు

మా ఊరు ఆర్మూర్ నుంచి నందిపేట్ పోయే దారిలో ఉంటుంది. ఊరికి సర్పంచ్ ఉంటాడు, సర్పంచ్ పైన కమిటీ ఉంటుంది. అది ప్రభుత్వం పెట్టింది కాదు, పెద్దమనుషులు వాళ్లకు వాళ్లే పెట్టుకున్నది. పంచాయతీ ఎన్నికలొస్తే ఏ వార్డుకు ఎవరో వాళ్లే తేల్చేస్తారు, మిగతావాళ్లు నామినేషన్ వేయరు. దాన్ని పేపర్లో ఏకగ్రీవం అని రాస్తారు.

మొన్నటి ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. కమిటీ చెప్పిన ఆమె ఆర్మూర్‌లో ఇల్లు కట్టుకుని ఉంటుంది, ఓటు మాత్రం ఊళ్లో ఉంది. వానాకాలం మా గల్లీ మోరిలో మురుగు పొంగితే తడిసేది ఆమె కాళ్లు కాదు. నాకు మండింది. ఆర్మూర్‌లో నేను పనిచేసే మందుల షాపులో సగం పూట సెలవడిగి, పోయి నామినేషన్ వేసి వచ్చాను. వెనక్కి తీసుకోమని కమిటీ కబురు పెట్టింది. తీసుకోలేదు.

గడువు దాటిన సాయంత్రం మా వాకిట్లోనే డప్పు మోగింది. ఈ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడితే జరిమానా. డప్పు కొట్టే ఆయన మా ఇంట్లో ఎన్నిసార్లు చాయ్ తాగాడో లెక్క లేదు. ఆ రోజు కూడా సాటింపు అయిపోగానే అలవాటు కొద్దీ గడపలో ఒక కాలు పెట్టి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. ఇంట్లో నేనూ మా అత్తా. అత్త బీడీలు చుడుతుంది. ఎదురింటి పెద్దమ్మా అత్తా ఒకే ఏడు ఈ గల్లీకి కోడళ్లుగా వచ్చారట. అప్పటి నుంచి రోజూ మా వాకిట్లో చాటలు పక్కపక్కన పెట్టుకుని, ఒకరు ఆకు కత్తిరిస్తుంటే ఒకరు చుడుతూ, వదినె అంటే వదినె అనుకుంటూ కూర్చునేవాళ్లు. సాటింపు మరునాడు పెద్దమ్మ తన చాట తన వాకిట్లోనే పెట్టుకుంది. మధ్యలో ఉన్నది పది అడుగుల సీసీ రోడ్డు.

"నిన్ను ఎవ్వలు నిలవడుమన్నరు పిల్లా?" అంది అత్త. ఒక్కసారే అంది. తర్వాత ఆమె చుట్టిన బీడీలు వదులుగా రావడం మొదలైంది, కంపెనీలో తీసి పారేస్తున్నారు. నేను పోగొట్టింది నా మాట ముచ్చట కాదు, ఆమెది. అది నాకు తెలుసు. తెలిసినా ఏమీ అనిపించేది కాదు. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు గిల్లినా తెలియనట్టు ఉండేది. ఆర్మూర్ అంగట్లో కూరగాయలామె "ఏం గావాలె అక్కా" అంటే, నన్నే అడుగుతోందని అర్థం కావడానికి కాసేపు పట్టేది.

మేక సంగతి ఒక పొద్దున మొదలైంది. పెద్దమ్మ తన మేక ముందు నిలబడి, "ఓ మేకా, నల్ల వచ్చింది, జర జల్ది నీళ్లు వట్టుకోరాదే" అని గట్టిగా అంది. మేక నీళ్లు పట్టుకోదు. అత్త బిందె తీసుకుని లేచింది. మేకతో మాట్లాడితే జరిమానా అని కమిటీ చెప్పలేదు కదా.

నా గుర్తు గౌను. ఇల్లిల్లూ తిరిగాను. తలుపులు వేసి ఉండేవి. తలుపుకే చెప్పి వచ్చేదాన్ని, గౌను గుర్తుకు ఓటెయ్యమని.

ఓట్ల రోజు బడి దగ్గర లైన్లో నా ముందొక జానెడు, వెనకొక జానెడు ఎక్కువే వదిలి నిలబడ్డారు. మధ్యాహ్నం తర్వాత లెక్కపెట్టారు. గెలిచాను. అధికారి పేరు చదివాడు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంతోషం వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను, రాలేదు. దారిలో ఎదురైన వాళ్ల చేతులు చూస్తూ వచ్చాను. అందరి వేలికీ సిరా ఉంది, అందరూ తల తిప్పుకునే పోయారు.

రాత్రి మా ఆయన ఫోన్ చేశాడు. "గెల్సినవ్ గదా, ఇగ మాట్లాడుతుండ్రా?"

"లేదు."

"మరి ఓట్లెవ్వలు ఏసిండ్రు?"

"గా మాట్లాడనోళ్లే."

తర్వాత గల్లీ అంతా మేకలకూ బర్రెలకూ కష్టాలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. "మూల మీద లైట్ వోయింది బర్రే, చీకట్ల వడితే ఎట్లనే?" నేను విని, పంచాయతీ సెక్రటరీకి చెప్పి లైటు వేయించేదాన్ని. వెలిగిన లైటు కింద నుంచి నన్ను చూడకుండా పోయేవాళ్లు. నేనూ చూడడం మానేశాను.

పంచాయతీ మీటింగులకు నేను పోలేదు. మాట్లాడని వాళ్లతో మీటింగేమిటి? ఒకసారి ఇద్దరు మెంబర్లు ఊళ్లో లేక కోరం తక్కువైంది. మోరీల పనికి తీర్మానం ఆగిపోయింది. నన్ను బతిమాలాలంటే సర్పంచ్ నాతో మాట్లాడాలి, మాట్లాడితే ఆయనకూ జరిమానా. చివరికి డప్పాయన మళ్లీ మా వాకిట్లోకి వచ్చి, ఇక ఈ ఇంటితో మాట్లాడొచ్చని సాటింపు వేశాడు. ఎందుకు వద్దన్నారో, ఎందుకు సరేనన్నారో చెప్పలేదు. ఆ రోజు గడప దాటి లోపలికొచ్చి చాయ్ తాగి పోయాడు.

మరునాడు పొద్దున పెద్దమ్మ చాట పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. తన పాత చోటనే కూర్చుంది.

"వదినె, మంచిగున్నవా?"

అత్త ఆకు కత్తిరిస్తూనే ఉంది.

"నేనేం జేద్దునే వదినె, గంత జరిమానా నేనేడికెల్లి తెద్దును? ఓటు నీ కోడలికే ఏసిన. దేవుని తోడు."

నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఇన్నాళ్లూ ఏమీ అనిపించని నేను తలుపు రెక్క పట్టుకుని ముందుకు వంగాను. అత్త మాట్లాడితే బాగుండునని అంతగా కోరుకున్నాను. పెద్దమ్మ కళ్లు కొంగుతో తుడుచుకుంది. కత్తెర ఆగింది. అత్త తలెత్తి, పక్కన కూర్చున్న మనిషిని దాటి, రోడ్డు అవతల కట్టేసి ఉన్న మేకను చూసింది.

"ఓ మేకా," అంది, "చాయ్ తాగుతదేమో అడుగు."

పెద్దమ్మ కూడా అత్త వైపు తిరగలేదు. మేకనే చూస్తూ, "తాగుతదట అని చెప్పు" అంది.