పాలెగాడి గుర్రం నీళ్లు తాగిన తొట్టి

నా చిన్నప్పుడు నేను కూర్చున్న చోట్లన్నిటిలోకీ గొప్పది మా తాత ఇంటి ముందున్న రాతి తొట్టి అంచు. మేము నంద్యాలలో ఉండేవాళ్లం. తాత, అవ్వ శిరివెళ్ల దగ్గర పల్లెలో ఉండేవారు. సెలవులకు వెళ్లినప్పుడు బస్సు దిగి, చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా నేరుగా ఆ తొట్టి దగ్గరికే పరుగెత్తేదాన్ని. నల్లరాయిని తొలిచి చేసిన తొట్టి అది. సాయంత్రం పొలం నుంచి వచ్చిన ఎద్దులు, బర్రెలు అందులో నీళ్లు తాగేవి. వాటి మెడలు రాసుకుని రాసుకుని ఒక వైపు అంచు నున్నగా అరిగిపోయింది. నా స్థలం అక్కడ.

అది మామూలు తొట్టి కాదని నా గర్వం. కుంపిణీ దొరల మీద తిరగబడి, నల్లమలలో తలదాచుకుని పోరాడిన పాలెగాడు ఒకనాడు ఆకలితో మా ఊరికి వచ్చాడట. మా ఇంట్లో అన్నం తిన్నాడట. ఆయన గుర్రం ఈ తొట్టిలోనే నీళ్లు తాగిందట. అవ్వ అంతవరకే చెప్పేది. ఆ తర్వాత ఏమైందని అడిగితే, "ఏమైతాది, తిని పాయె" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. అందులో నాకు వింతేమీ కనిపించలేదు. అన్నం తిన్నవాళ్లెవరైనా వెళ్లిపోతారు కదా.

నంద్యాల బడిలో ఈ సంగతి తెలియని పిల్ల లేదు. వార్షికోత్సవానికి ఏకపాత్రాభినయాలు పంచుతున్నప్పుడు నేను లేచి, పాలెగాడి పాత్ర నాకే ఇవ్వాలన్నాను. ఆడపిల్లవి కదా అని సారు నవ్వారు. "ఆయన మా ఇంట్లో అన్నం తిన్నాడు సార్" అన్నాను. ఆ పాత్ర నాకే దక్కింది.

ఆ నెలలోనే మా చిన్నమ్మ వాళ్లింటికి ఆళ్లగడ్డ వెళ్లాం. వాళ్ల వీధిలో పొద్దస్తమానం ఉలుల చప్పుడే. విగ్రహాలు చెక్కే వాళ్ల వాకిళ్ల నుంచి లేచిన రాతిపొడి బావిగట్టు మీద, ఆరేసిన బట్టల మీద తెల్లగా పడి ఉండేది. అక్కడే ఒక సాయంత్రం తంబూర పట్టుకుని కథ చెప్పే ఒకాయన పాలెగాడి కథ చెప్పాడు. ఇద్దరు వంత పాడుతుంటే ఆయన కాలి గజ్జెలు కదిలిస్తూ, ఒక ఊళ్లో ఒక పెద్ద రైతు పాలెగాడికి విస్తరి వేసి, అన్నం వడ్డించి, పెరటి దారిన కుంపిణీ సిపాయిలకు కబురు పంపించిన ఘట్టం పాడాడు. చెయ్యి విస్తట్లో ఉండగానే పాలెగాడిని పట్టుకున్నారట. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రైతును ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఆ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు అనే అనుకున్నాను. ఒక మనిషి రెండు ఇళ్లలో అన్నం తినకూడదా?

పంటలు ఇళ్లకు చేరాక తాత ఊరికి వెళ్లేసరికి, అదే కథకుడు అక్కడికీ వచ్చాడు. ఏటా వచ్చేవాడట. వచ్చినప్పుడల్లా ఆయన బృందానికి భోజనం మా ఇంట్లోనే. నా చేతులతో నేనే మజ్జిగ పోశాను. దీపాలు పెట్టే వేళకు చావిడి ముందు ఊరంతా చేరింది. తాత ఎప్పటిలాగే తలకు రుమాలు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన నేను.

కథ బాగా సాగింది. నన్ను ఏడిపించిన చోటు వస్తోందని ఎదురుచూస్తున్నాను. అయితే పాలెగాడు ఆ రైతు ఇంటికి రానేలేదు. కొండ గుహలో నిద్రపోతుంటే సిపాయిలు చుట్టుముట్టారని చెప్పి, కథకుడు మంగళం అందుకోబోయాడు. నేను లేచి నిలబడ్డాను.

"అన్నం తినేటప్పుడు పట్టిచ్చింది ఎందుకు చెప్పల్యా?"

కథకుడు తంబూర మీద చెయ్యి ఆపాడు. "అది ఇంగొక కథ తల్లీ. కూచో."

"కాదు, ఇదే కథ. ఆళ్లగడ్డలో నువ్వే చెప్తివి. అన్నం పెట్టి పట్టిచ్చినాడు వాడు. వాని ఇంటోళ్లు ఇప్పుడు ఎవురన్నా ఉంటే, సిగ్గుతో తల ఎత్తగూడదు."

ఊరంతా నా వైపే తిరిగి చూసింది. నా మాట అందరికీ నచ్చిందనే అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది. "యాడాడో ఎందుకు ఎతుకుతావు పాపా, ముందు వరసలోనే కూచోనుండారు సూడు."

కొందరు నవ్వారు. ఎవరో వాళ్లను కసిరారు. నేను ముందు వరసను అటునుంచి ఇటు చూశాను. అక్కడ ఎవరున్నారో నాకు నిజంగా అర్థం కాలేదు.

కథకుడు చేతులు జోడించాడు. "సిన్నపిల్ల, తెలీక అనింది పెద్దాయనా. మంగళం పాడేస్తా."

తాత లేచి ఇంటికి వెళ్లిపోతాడని అందరూ అనుకుని ఉంటారు. ఆయన లేవలేదు. తలకున్న రుమాలు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "మంగళం అప్పుడే యాందప్పా. ఇడిసిపెట్టిన కాడ్నించి పాడు. తొట్టి సంగతి గూడా పాడు" అన్నాడు.

"ఇప్పుడే మీ ఇంట్లో అన్నం తిని వస్తి. ఈ నోటితో ఎట్ల పాడేది?"

"ఆయప్ప గూడా మా ఇంట్లో అన్నం తిన్నోడే గదప్పా. పాడు."

కథకుడు పాడాడు. ఆళ్లగడ్డలో పాడినంత గట్టిగా కాదు, గజ్జెలు కదలకుండా, నేల వైపు చూస్తూ పాడాడు. ఆళ్లగడ్డలో చెప్పనిది కూడా ఇక్కడ చెప్పాడు. ఇంటి ముందు రాతి తొట్టి ఉందట. గుర్రం అందులో నీళ్లు తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి తల ఎత్తి చెవులు నిక్కించిందట. సిపాయిలు వస్తున్నారని మనిషి కంటే ముందు దానికే తెలిసిందట. తొట్టి మాట వినగానే ఆ ఇల్లు ఏదో నాకు తెలిసిపోయింది. అరిగిన ఆ అంచు నా అరచేతికి తగిలినట్టే అనిపించింది. ఎక్కడికైనా పారిపోదామనుకున్నాను. తాత చెయ్యి నా భుజం మీద ఉంది. అది నన్ను పట్టుకోనూ లేదు, తోయనూ లేదు.

తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. చెవి మాత్రం కనిపించింది. రుమాలు లేకపోవడంతో, దీపం వెలుగులో, ఆ చెవి ఎర్రగా కందిపోయి ఉంది. కథ ముగిసేదాకా ఆయన రుమాలు తలకు చుట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను తిట్టిపోసింది. ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నది బజారున వేశానని ఏడ్చింది. తాత ఆమెను వారించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు. "మా నాయన ఆ కథ మొదలైతానే లేసి పోయేటోడు. నా మొగం సూసి, నా కాలానికి ఆ ముక్కే ఇడిసిపెట్టిరి. ఊళ్లోళ్ల మంచితనం అది. కానీ పట్టిచ్చినందుకు కుంపిణీ ఇచ్చిన చేను పండిస్తాండాం, దాని మీదొచ్చిన గింజలు తింటాండాం. ఇంత తిని, ఆ ముక్క ఇనకుంటే ఎట్లమ్మా?"

తప్పు చేసినవాడు ఎప్పుడో పోయాడు, మనకెందుకు సిగ్గు అని నేనడగలేదు. ఆ వయసుకు అడగడం తెలియలేదు. పెద్దయ్యాక ఆ ప్రశ్న ఎన్నోసార్లు వేసుకున్నాను. సరైన జవాబు దొరికిందని ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు నేను తొట్టి వైపు వెళ్లలేదు. తాతే బిందె నా చేతికిచ్చి, "అదేం జేసె పాపం? ఎద్దులు దప్పిగ్గొనుండాయి, నీళ్లు పొయ్యి" అన్నాడు. పోశాను. అంచు మీద మాత్రం మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

బడిలో పాలెగాడి పాత్ర వేశాను. విస్తరి ముందు కూర్చుని చెయ్యి పెట్టబోతుండగా సిపాయిలు వచ్చే చోటికి వచ్చేసరికి, నేర్చుకున్న మాటలు మరిచిపోయి అలాగే ఉండిపోయాను. అదంతా నటనే అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. తల వంచుకుని దిగిపోయాను.

తాత బతికినన్నాళ్లూ మా ఊళ్లో ఆ కథ పూర్తిగానే చెప్పించాడు. ముందు వరసలో, రుమాలు విప్పి కూర్చునేవాడు. దాంతో ఎగతాళి ఆగిపోలేదు. పొలం గట్ల దగ్గర తగాదా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవారు. తాత ఎదురు చెప్పేవాడు కాదు.

ఉద్యోగం, పదవీ విరమణ అన్నీ అయిపోయాయి. బడి వదిలిన నాటి నుంచి ఏ రోజూ తప్పకుండా డైరీ రాసే అలవాటున్నా, ఆ సాయంత్రం గురించి రాయడం ఇదే మొదటిసారి. రాయాల్సి రావడానికి కారణం ఉంది. మా ఊరి దారిలో పాలెగాడి విగ్రహం పెడుతున్నామని ఈమధ్య కొందరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఆళ్లగడ్డలో చెక్కించారట. పాలెగాడికి అన్నం పెట్టిన ఇంటి ఆడబిడ్డనని నాకు శాలువా కప్పుతామన్నారు. కూర్చోబెట్టి మిగతా సగం చెప్పాను. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అదంతా ఇప్పుడెందుకు మేడం, ఎవరికి గుర్తుంది" అన్నాడు ఒకడు. నాకుంది అన్నాను. శాలువా వద్దని, కథ చెప్పించేటట్లయితే పూర్తిగా చెప్పిస్తేనే వస్తానని చెప్పాను.

చెప్పించారు. కథ చెప్పినాయన కొత్తవాడు, నేనెవరో ఆయనకు తెలియదు. గొంతెత్తి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ పాడాడు. ముందు వరసలో కూర్చున్నాను. గుర్రం తొట్టిలోంచి తల ఎత్తే చోటికి వచ్చేసరికి, ఇంత వయసులోనూ నా చెవులు వేడెక్కాయి. చలిగాలి వీస్తోంది. పక్కనున్నావిడ కొంగు తలకు కప్పుకోమంది. నేను కప్పుకోలేదు.