నాలుగో కాగితం

2008 వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున సేవ్యా తండాలో, తండా పెద్ద అయిన నాయక్ చందూలాల్ ఇంటి ముందు పంచాయితీ కూర్చుంది. చాప మీద మూడు కాగితాలు పరిచి ఉన్నాయి. తెచ్చి పరిచింది దినేష్. అవి అతని భార్య హేమలత పరాయి మగాడితో కంప్యూటర్లో నడిపిన మాటలని అతను చెబుతున్నాడు.

హేమలత ఆ తండా పిల్లే, మోతీరాం చిన్న కూతురు. బిచ్కుందలో ఇంటర్ చదివాక రోజూ బస్సెక్కి బాన్సువాడ పోయి కంప్యూటరు నేర్చుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి చేతుల వంక చూడకుండా టైపు కొట్టేది. బస్టాండు ఎదురుగా మేడ మీద ఇంటర్నెట్ సెంటరు పెట్టిన రామాంజనేయులు ఆ వేగం చూసి ఆమెను పనిలోకి తీసుకున్నాడు. హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు మెట్లెక్కుతూనే హేమక్క ఉందా అని అడిగేవారు.

రెండేళ్ళ కిందట దినేష్‌తో పెళ్ళయింది. అతను బాన్సువాడ, బిచ్కుంద మధ్య ఆటో నడిపేవాడు. బాన్సువాడలోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. మొదట్లో, మా ఇంటామెకు కంప్యూటరు వచ్చని ఆటో స్టాండులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. నీకూ నేర్పుతానని ఆమె అంటే మాత్రం, ఈ వేళ్ళకు హ్యాండిలు తప్ప ఏదీ అలవాటు కాదని తప్పించుకున్నాడు.

ఫొటోలు పెట్టుకుని ఒకరికొకరు రాసుకునే ఆర్కుట్ అప్పుడే ఇంటర్నెట్లోకి వచ్చింది. కాలేజీ స్నేహితురాళ్ళందరూ అందులో చేరుతుంటే హేమలత కూడా చేరింది, అక్క పెళ్ళిలో దిగిన ఫొటో పెట్టింది. తోటి ఆటోవాడు ఎవడో ఆ ఫొటో చూసి దినేష్ చెవిన వేశాడు, మగవాళ్ళు కూడా ఆమెకు రాస్తున్నారని. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశ్నలే. వాడెవడు, వీడెవడు, తెర చూసి ఎందుకు నవ్వుతావు, వచ్చిన వాటిని ఎందుకు చెరిపేస్తావు. ముక్కూ మొహం తెలియని వెధవలు రాసే పాడు మాటలను ఆమె చెరిపేసేది. చెరిపినవాటిలోనే గుట్టు ఉందని అతని లెక్క. నా పక్కన కూర్చుని అన్నీ చూసుకొమ్మని ఎన్నోసార్లు చెప్పింది. రాలేదు. తర్వాత ఉన్నట్టుండి అడగడం మానేశాడు. అనుమానం తీరిందనుకుంది.

తీరని అనుమానం ఇప్పుడు చాప మీద ఉంది. రామాంజనేయుల్ని కూడా పిలిపించారు కాబట్టి, ఆయనకు అర్థం కావాలని లంబాడీ మాట వదిలి తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. దినేష్ ఒక్కో కాగితం తీసి గట్టిగా చదివాడు. నిజామాబాద్ కిషోర్ అనేవాడు అన్నం తిన్నారా అని అడిగాడు. తిన్నానని ఈమె చెప్పింది. పొద్దంతా టైపు కొడితే వేళ్ళు నొప్పి పుట్టవా అని వాడు అడిగాడు. సాయంత్రానికి పుడతాయని ఈమె చెప్పింది. ఇలా పదకొండు జవాబులు. ఆటో స్టాండులో ఈ కాగితాలు చూడనివాళ్ళు లేరని కూడా అన్నాడు, అదేదో తన గోడు అన్నట్టు.

మోతీరాం తల వంచుకున్నాడు. తండ్రి వంచిన తల చూడగానే హేమలతకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువ మండించింది ఇంకొకటి: ఆ ప్రశ్నలు ఆమెకు నచ్చిన మాట నిజం. వేళ్ళ నొప్పి సంగతి అడిగినవాడు లోకంలో ఆ కిషోర్ ఒక్కడే.

నాయక్ ఏమంటావని అడిగాడు. ఆమె కాగితాలు చేతిలోకి తీసుకుంది. అలాంటి ప్రింటు కాగితాలు రోజుకు వంద తీసే మనిషి. పై అంచున కుడి మూల చూసింది. ఇంకోసారి చూసింది.

"గీ కాయిదాలు ఎక్కడ తీయించినవ్?" అని మొగుణ్ణి అడిగింది.

బిచ్కుందలో అని, అక్కడి సెంటర్లో తెలిసినవాళ్ళు ఆమె ఖాతా చూసి ఇచ్చారని అన్నాడు.

ఆమె కాగితాన్ని రామాంజనేయులు ముందు పెట్టింది. "సార్, ఎవరి ఖాతా తెరిచి తీస్తే వాళ్ళ పేరు పైన పడ్తది గదా. గీడ ఎవరిదుందో చదువుండ్రి."

రామాంజనేయులు కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. "కిషోర్ అనే ఆయనదమ్మా. ఇది ఆయన ఖాతాలోంచి తీసిన కాగితమే. ఆయన పాస్‌వర్డ్ తెలియకుండా ఇది తీయడం కుదరదు."

అందరూ దినేష్ వైపు తిరిగారు. అతను ఆ కాగితం లాక్కోబోయాడు.

"కిషోర్ నువ్వే," అంది హేమలత. "వేళ్ళకు అలవాటు కాదంటివి. నన్ను పట్టియ్యనీకి రెండు నెలల్ల నేర్చుకున్నవ్."

పరీక్ష చేశానని అతను గొణిగాడు. జవాబులు రాసింది నువ్వే కదా అని కూడా అన్నాడు.

"రాసిన. అన్నం తిన్నవా అని నువ్వు రెండేండ్లల్ల ఒక్కనాడు అడగలే. దొంగ పేరు పెట్టుకొని అడిగినవ్. నాలుగో కాయిదం ఏది? ఆదివారం నిజామాబాద్ బస్టాండుకు రమ్మని రాసినవ్ గదా. నేనేం రాసిన్నో అది చదువు."

ఆమే చెప్పింది: నాకు పెండ్లయింది, మా ఆయన మంచోడు, ఇగ రాయకుండ్రి. మా ఆయన మంచోడు అన్న మాట తన చేతులతో టైపు కొట్టినందుకు తన మీదే అసహ్యం వేసింది.

నాయక్ దినేష్‌ను గట్టిగా మందలించాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, ఇంట్లో శాంతి కోసం కొన్నాళ్ళు ఆ సెంటరు మానుకోమన్నాడు. తప్పు చేసినవాడు ఆటో మానడం లేదు, నేనెందుకు మానాలని అడిగి హేమలత లేచి వెళ్ళిపోయింది. మోతీరాం కూతురి వెంట నడిచాడు, ఈసారి తలెత్తుకునే.

నాలుగు నెలలు తండ్రి ఇంటి నుంచే బస్సులో పనికి పోయింది. దినేష్ పదిసార్లు తండాకు వచ్చాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాడు. నాకు కాదు, ఆ కాగితాలు ఎవరెవరికి చూపించావో వాళ్ళకే నిజం చెప్పమంది.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం, బాన్సువాడ ఆటో స్టాండులో పదిహేను మంది డ్రైవర్లు వింటుండగా, ఆ కిషోర్ తానేనని, భార్య తప్పు ఏదీ లేదని దినేష్ చెప్పాడు. ఒకరిద్దరు నవ్వారు. హేమలత ఎదురుగా సెంటరు మేడ మెట్ల మీద నిలబడి చివరిదాకా విన్నది. గొంతు చాలలేదు, ఇంకోసారి చెప్పమంది. చెప్పాడు.

తర్వాతి వారం ఆ కిరాయి గదికి తిరిగి వెళ్ళింది. వెళ్ళినంత మాత్రాన కోపం పోయిందని ఎవరితోనూ అనలేదు. చాలా ఏళ్ళు, అతను మంచిగా పలకరించినప్పుడల్లా, ఈ మాట అంటున్నది దినేషా, కిషోరా అన్నట్టు అతని మొహంలోకి ఒక క్షణం చూసి గానీ జవాబు ఇచ్చేది కాదు.