క్లచ్ మీద భారతిగారి పాదం

2022 వర్షాకాలం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతున్నాను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చదువూ, డ్రైవింగూ ఇంట్లో నాన్నగారే నేర్పారు. ఆ పుణ్యమే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

భారతిగారు నాట్యం టీచరు. కూచిపూడి ఊళ్లో వాళ్ల గురువుగారు ఒంట్లో బాగుండక తన సాయంత్రం క్లాసు ఆవిడకు అప్పగించారు. క్లాసయ్యాక తిరిగి విజయవాడకు రావడానికి బస్సు దొరకదు. లైసెన్సు రాకపోతే ఆ పిల్లల్ని వేరేవాళ్లకు వదులుకోవాలి.

చిక్కంతా క్లచ్ దగ్గరే. కదిలించబోతే కారు ఎగిరిపడి ఆగిపోయేది. మాది డ్యూయల్ కంట్రోల్ కారు, అంటే నా వైపూ క్లచ్, బ్రేకు ఉంటాయి. టెస్టుకు ముందురోజు కాలవకట్ట ఎక్కుతుంటే మళ్లీ ఆగింది. వెనక ఆటో అతను "తొయ్యమంటారా మేడమ్?" అన్నాడు.

"రేపు టెస్టుకు కూడా వచ్చి తోద్దురు గాని" అన్నారావిడ. నవ్వారే గాని కళ్లు తడిగా ఉన్నాయి. కాలికింది పెడల్ వైపు చూస్తూ, "దీన్ని అసలు క్లచ్ అని ఎందుకన్నారండీ?" అని అడిగారు.

నాన్నగారి డిక్షనరీలో చూసింది గుర్తుంది. పాత ఇంగ్లిషులో దాని మూలానికి వేళ్లు ముడవడమని అర్థం. తర్వాత గట్టిగా పట్టుకోవడం అయింది. చేత్తో పట్టుకునే చిన్న పర్సుకూ అదే పేరు. కారులో ఇంజను వైపు ప్లేటూ, చక్రాల వైపు ప్లేటూ ఒకదాన్నొకటి పట్టుకునే చోటుకీ అదే పేరు.

"తొక్కితే పట్టు వదులుతుందండీ. మెల్లగా లేపుతుంటే పట్టుకుంటుంది" అని వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూపించాను.

"పిల్లలకు పిడికిలి నేనూ ఇలాగే చెప్తాను, గబుక్కున మూస్తే అందం రాదని. మరి నా కాలికేమైంది?"

మళ్లీ కదిలించమని వంగి చూశాను. తాళానికి అడుగేసినట్టు పాదమంతా ఒక్కసారే ఎత్తేస్తున్నారు.

"మడమ కింద ఆనించే ఉంచండి. ముందుపాదమే లేవాలి."

"అంచితం అనండి, తెలుస్తుంది. నాట్యంలో చిన్నప్పటినుంచీ వేస్తున్న పాదమే."

కారు కట్టెక్కింది.

మర్నాడు టెస్టులో ఎత్తు మధ్యలో ఆపి కదలమన్నారు. నేను బయట అమ్మవారిని తలుచుకుంటూ నిలబడ్డాను. కారు వెనక్కి జారలేదు. దిగొచ్చి, "క్లాసు పిల్లలు నాకే మిగిలారండీ" అన్నారావిడ.

గట్టి పట్టు మెల్లగా కుదురుతుందని ఆవిడ పాదమే నాకు చూపింది. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా తాళంచెవి ఇచ్చేముందు చెప్పులు విప్పించి, మడమ ఆనించి, వేళ్లు ఒక్కొక్కటే ముడవమంటాను. నవ్వుతారు. నవ్వుతూనే ముడుస్తారు.